పొగ ఉంటేనే పడక

నెమలివలస మత్తు విమోచన కేంద్రంలో అన్నీ ఉన్నాయి, మత్తు తప్ప.

యాభై పడకలు, పడకకో దోమతెర, దోమతెరకో నెంబరు. గోడల నిండా సూక్తులు. గేటు దగ్గర ఒక చేత్తో సీసా విరగ్గొడుతూ రెండో చేత్తో పావురాన్ని ఎగరేస్తున్న సిమెంటు మనిషి. మేస్త్రీకి పావురం చెయ్యడం రాక కోడిని చేశాడు గానీ, ఎగరేసే ఉద్దేశం మంచిదే. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి ‘ఈ కేంద్రం నిత్యం రోగులతో కళకళలాడాలి’ అని ఆశీర్వదించి వెళ్లాడు. ఆ ఒక్కటే ఫలించలేదు. దుప్పట్ల మడత నలగలేదు. దోమలు సైతం తెరల దాకా వచ్చి, లోపల ఎవరూ లేరని చూసి, ఉసూరుమంటూ తిరిగి వెళ్లేవి.

ఊళ్లో మత్తు లేక కాదు. కొండ మీద పండింది కిందికి దిగక ఆకాశానికి పోతుందా? అయితే కేంద్రంలో చేరాలంటే ముందు పరీక్ష చేయించుకోవాలి. పరీక్షలో మత్తు తేలితే ఎక్సైజు వాళ్లకి కబురు వెళ్లాలి. మంచం ఎక్కాలంటే ముందు బోను ఎక్కాలన్నమాట. అందుచేత తాగేవాళ్లు తాగుతూనే ఉన్నారు, పడకలు పడుకునే ఉన్నాయి. ఏడాది తిరిగేలోగా పడకలు నిండకపోతే కేంద్రాన్ని పక్క జిల్లాకు తరలిస్తామని పైనుంచి తాఖీదు వచ్చింది. పక్క జిల్లాలో మత్తు పరిస్థితి చాలా ఆశాజనకంగా ఉందట.

ఆ కేంద్రానికి గొంతు సన్యాసిరావు. పేరులో సన్యాసం, వృత్తిలో కల్యాణం. మైకు సెట్టు, టెంటు హౌసు యజమాని. ఊరందరి పెళ్లిళ్లకీ షామియానా వేసి, తన పెళ్లి మాత్రం మర్చిపోయిన మనిషి. సర్కారువారి ప్రచారం ఏదైనా ఆయన గొంతులోంచే రావాలి. పోలియో చుక్కలు, చెత్త బుట్టలు, గర్భిణుల పోషకాహారం, ఓటరు నమోదు, అన్నీ ఆటో మీద హారన్లు కట్టి ఆయన ఊరేగించినవే. మత్తు ప్రచారానికి నినాదం కూడా స్వయంగా కట్టాడు:

“గంజి తాగితే గట్టెక్కుతావు! గంజాయి తాగితే కట్టెక్కుతావు!”

ఇది రికార్డు చేసి వదిలితే, గంజాయి తాగేవాళ్లు కూడా తాగుతూ తాగుతూ ఆపి, భలే కట్టాడని మెచ్చుకుని, మళ్లీ తాగేవారు.

ఆయన గొంతుకి చెయ్యీ కాలూ మేనల్లుడు తవిటినాయుడు. అప్ప పోలమ్మ కొడుకు. డిప్లొమా చదివాడు గానీ, ఆ చదువు తాటిచెట్టెక్కి హారను కట్టడానికే పనికొచ్చింది. ఎక్కడ కడితే గొంతు ఎంత దూరం పోతుందో వాడికి తెలుసు. సన్యాసిరావుకి పిల్లా జెల్లా వాడే. తన తరవాత ఆ యాంప్లిఫయరు, ఆ ఆటో, ఆ ఊరి చెవులు అన్నీ వాడివే అని ఎప్పుడో రాసిచ్చేశాడు, నోటితోనే.

అలాంటివాడు ఒకనాడు బజారులో సెల్‌ఫోన్ల దుకాణం వెనకాల స్నేహితులతో కలిసి ‘బృందావన ధూపం’ తాగాడు.

అది రీఛార్జి కార్డుల పక్కనే వేలాడుతూ ఉంటుంది. పొట్లం మీద పింఛం విప్పిన నెమలి. నెమలి కాళ్ల కింద చీమతలకాయంత అక్షరాల్లో ‘మానవ వినియోగానికి కాదు’. లోపల ఎండిన ఆకు. ఏ ఆకో ఆ ఆకుకే తెలీదు. ఎక్కడో ఏ గోడౌన్‌లోనో దాన్ని పరిచి, మిరపతోటకి చీడమందు కొట్టినట్టు పంపుతో ఏదో రసాయనం కొడతారు. గంజాయి లాంటిదేనని, పైగా కేసు కాదని స్నేహితులు చెప్పారట. గంజాయి లాంటిదే. పిల్లి లాంటిదే పులి.

మొదటిసారి నవ్వాడు. ఆ నెలలోనే ఒంటికి పట్టింది. మనిషి పీక్కుపోయాడు. తిన్నది నిలవదు. గుండె మీద చెయ్యేస్తే డప్పు. ఇంట్లో మూలన పెట్టిన హారన్లు తనతో మాట్లాడుతున్నాయనీ, పేరు పెట్టి తిడుతున్నాయనీ చెవులు మూసుకునేవాడు. వైరే లేని హారను ఎలా మాట్లాడుతుందిరా అని సన్యాసిరావు అడిగితే, “నీకు ఇనపడ్డం లేదా మావయ్యా?” అని జాలిగా చూసేవాడు. చివరికి అన్నం ముందు కూర్చుని కళ్లు తేలేసి, పళ్లు బిగించి, గిలగిల కొట్టుకున్నాడు. పెద్దాసుపత్రివాళ్లు సెలైను ఎక్కించి, ఇలాంటి ఫిట్టు ఇంకొకటి వస్తే మా చేతుల్లో ఏమీ ఉండదు, వెంటనే మత్తు కేంద్రంలో పెట్టండి అన్నారు.

పోలమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. సన్యాసిరావు మాత్రం లోలోపల కాస్త ధైర్యపడ్డాడు. ఊళ్లో ఎవరికీ దొరకనిది మనకి దొరుకుతుంది, యాభై పడకలూ ఖాళీయే కదా అని.

సూపరింటెండెంటు డాక్టర్ విశ్వంభరం గారు పెళ్లివారికి ఎదురొచ్చినట్టు గేటు దాకా ఎదురొచ్చారు. కుర్రాడు వణుకుతుంటే ఆయన కళ్లల్లో వెలుగు వచ్చింది. నర్సు మేరీరత్నం కిట్టు తెచ్చింది. బొటనవేలంత పలక. అందులో మూత్రం చుక్కలు వేస్తే గీతలు పడతాయి.

రెండు గీతలు పడ్డాయి. గర్భిణుల ప్రచారం కూడా చేసినవాడు కనక రెండు గీతలు చూడగానే సన్యాసిరావు గుండె జారిపోయింది. ఇక్కడ లెక్క వేరని మేరీరత్నం చెప్పింది. ఒక గీతయితే మత్తున్నట్టు, రెండయితే లేనట్టు.

డాక్టరుగారి మొహంలో వెలుగు ఆరిపోయింది.

“అభినందనలు సన్యాసిరావు గారూ. మీ మేనల్లుడికి మత్తు లేదు.”

“మరి అలా వణికిపోతన్నాడేటి బాబూ?”

“వణుకు మా పరిధిలోకి రాదు.”

తరవాత ఆయన పరిధిని విపులీకరించారు. ఈ కేంద్రం వ్యసనపరుల నిమిత్తం స్థాపితమైనది. వ్యసనపరుడనగా కిట్టుచే ధ్రువీకరింపబడినవాడు. కిట్టుకి గంజాయి తెలుసు, నల్లమందు తెలుసు, ఈ ధూపం తెలియదు. కిట్టుకి తెలియనిది ప్రభుత్వానికి తెలియదు. సన్యాసిరావు జేబులోంచి పొట్లం తీసి చూపించాడు. డాక్టరుగారు కళ్లజోడు పైకి తోసి నెమలి కాళ్ల కింద చదివారు.

“మానవ వినియోగానికి కాదు అని స్పష్టంగా ముద్రించారు. అయినా వినియోగించాడంటే, ఆ సమయంలో ఇతను మానవుడి హోదాలో లేడని భావించాలి. పశువైద్యశాల రోడ్డుకి అవతలే ఉంది.”

ఎగతాళి కాదు, నిజంగానే దారి చూపించారు. అంతటితో ఆగినా బాగుండేది. యాభై ఖాళీ పడకలు చూసి చూసి ఆయన కడుపు కూడా తరుక్కుపోతోందేమో, సన్యాసిరావు భుజం మీద చెయ్యేసి గొంతు తగ్గించారు.

“మీరు మావాళ్లు కనక చెబుతున్నాను. ఇదే కుర్రాడు సిసలైన గంజాయి ఒక్కసారి పుచ్చుకుని రానివ్వండి. కిటికీ పక్క పడక ఇస్తాను. ఫ్యాను కూడా తిరుగుతుంది.”

కిట్టు కిట్టలేదు. బయటికి నడిచారు. మేరీరత్నం గేటు దాకా వచ్చి, కుర్రాడి జేబులో గ్లూకోజు పొట్లాలు కుక్కి, ఎవరూ వినకుండా ఒక్క మాట చెప్పింది. ఆమధ్య పట్టుబడిన గంజాయిని తగలబెట్టిన కానిస్టేబుళ్లకి తమాషాకి కిట్టు పెడితే వరసగా అందరికీ ఒకే గీత పడిందట. కిట్లు పాడైపోయాయని డాక్టరుగారు వాటిని పారేయించారట. “పాడైనవి కిట్లు కావు బాబాయ్,” అంది.

అదే సమయానికి రోడ్డు మీద సన్యాసిరావు ఆటో ఆయన గొంతుతోనే అరుచుకుంటూ పోయింది. మీ ఇంట్లో మత్తు బాధితుడు ఉన్నాడా, నేడే తీసుకురండి, మీ కోసం పడక ఎదురు చూస్తోంది. తన మాట తనకే అబద్ధంలా వినపడ్డం సన్యాసిరావుకి అదే మొదలు.

మర్నాడు ఎక్సైజు ఇన్‌స్పెక్టరు భీమశంకరం గారి దగ్గరికి వెళ్లి ఆ దుకాణం సంగతి చూడమన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు పొట్లం బల్ల మీద కుమ్మరించి, ఆకుని పెన్సిలుతో అటూ ఇటూ తిప్పారు. చట్టం ప్రకారం గంజాయి అనగా మొక్క యొక్క పుష్పించిన కొన. ఇందులో పుష్పం లేదు, కొన లేదు, ఆ మాటకొస్తే మొక్కే లేదు. పోనీ రసాయనం అందామా అంటే, దాని పేరు గూడ్సు బండంత పొడుగు. నిషేధిత జాబితాలో ఉన్నది ఇది కాదు, దీని అన్న. అన్న పేరు జాబితాలోకి ఎక్కిన వారానికే తయారీదారులు తోక దగ్గర చిన్న మార్పు చేసి తమ్ముణ్ణి దించారు.

“అన్న చేసిన నేరానికి తమ్ముణ్ణి అరెస్టు చెయ్యడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం,” అన్నారు భీమశంకరం గారు.

సన్యాసిరావు ముందుకి వంగి, అసలు గంజాయి ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగాడు. వైద్యానికి అన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. కలం మూత తీశారు. చేతికందిన మొదటి నేరస్థుడు తన మైకువాడే అని తెలిసి కాసేపు బాధపడి, పాత పరిచయం కొద్దీ ఆ ప్రశ్న విననట్టు నమోదు చెయ్యకుండా వదిలేశారు. జిల్లాలో గంజాయి అంతా ఆయన స్టోర్ రూములోనే ఉందట. ఈ శుక్రవారం జూనియర్ కాలేజీ మైదానంలో దాన్ని దగ్ధం చేస్తారు. ఉదయం మేధావుల చర్చ, మధ్యాహ్నం దహనం. మైకు, షామియానా, కుర్చీలు నువ్వే పంపాలి అన్నారు.

సన్యాసిరావు మెట్లు దిగుతుంటే మేరీరత్నం మాట గుర్తొచ్చింది. మెట్టు తప్పి కిందపడబోయాడు.

ఇంటికొచ్చి అప్పకి చెప్పాడు. గంజాయి కొననక్కర్లేదు, తాగనక్కర్లేదు. సర్కారువారే తగలెట్టి, సర్కారువారే పొగ ఊదుతారు. కేసు పెట్టాలన్నా వాళ్ల మీదే పెట్టుకోవాలి. ఆ పొగలో గుంటణ్ణి ఒక్క గంట నిలబెడితే కిట్టులో ఒక గీత ఎగిరిపోతుంది, పడక వచ్చేస్తుంది.

పోలమ్మ కొడుకు వైపు చూసింది. ఇంట్లో మూలన వాడు హారన్ల మీద దుప్పటి కప్పి, దాని మీద దిండు పెట్టి, దాని మీద తను పడుకుని ఉన్నాడు.

“ఒరే సన్నాసీ, మత్తు దింపడానికి ముందు మత్తెక్కించాలంటే ఇదేటి వైద్యంరా?”

“వైద్యం కాదప్పా. రూలు.”

“ఆడికేటైనా అయితే?”

“ఇంట్లో ఒగ్గేస్తే ఏటవుతాదో సెప్పారు కదా,” అన్నాడు సన్యాసిరావు.

శుక్రవారం మైదానం పెళ్లికళతో ఉంది. స్పెషల్ ఆఫీసరు చంద్రమౌళీశ్వరరావు గారు జిల్లా మత్తు వ్యవహారాలన్నిటికీ పెద్ద. ఆయనకి వాస్తు మీద నమ్మకం. వేదిక తూర్పు మొహంగానే ఉండాలనీ, అగ్నికార్యం వేదికకి సరిగ్గా ఆగ్నేయ మూలలోనే జరగాలనీ ముందే కబురు పెట్టారు. మూటలు అక్కడే కొండలా పేర్చారు. మూటల గుట్టకి పసుపు రాసి బొట్టు పెట్టారు. దిష్టికి బూడిద గుమ్మడికాయ కూడా వచ్చింది.

సన్యాసిరావు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, మధ్యాహ్నం సముద్రం గాలి ఎటు తోలుతుందో చొక్కా విప్పి మరీ చూసుకున్నాడు. సరిగ్గా పొగ వెళ్లే చోట, వేదిక పక్కన, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి దాన్ని తన తువ్వాలుతో రిజర్వు చేశాడు. బస్సులో సీటుకి కూడా ఆయన అంత ఆశగా తువ్వాలు వెయ్యలేదు.

ఉదయం చర్చ మొదలైంది. గంజాయిని అనుమతించాలని వాదించేందుకు ఒక రిటైర్డు ప్రొఫెసరు, కూడదని వాదించేందుకు ఒక లాయరు. ఇద్దరూ గట్టివాళ్లే. మొక్కని నిషేధించబట్టే జనం ఈ విషం మీద పడుతున్నారని, పెరట్లో తులసిలా దాన్ని ఉండనిస్తే ధూపం పొట్లం ముట్టేవాడుండడని ప్రొఫెసరుగారు అన్నారు. గొళ్లెం తీస్తే గొర్రె ఒక్కటే వస్తుందా, వెనకే తోడేలూ వస్తుందని, పొట్లం పుట్టిందే చట్టం మెతకై అని లాయరుగారు అన్నారు. అంతలో ఎవరో చెప్పారు, మైకు దగ్గర వణుకుతున్న ఈ కుర్రాడే ధూపం బాధితుడని. ప్రొఫెసరుగారు వాడి కుడి చెయ్యి పట్టుకుని, ‘నిషేధం చేసిన గాయం చూడండి’ అన్నారు. లాయరుగారు ఎడమ చెయ్యి పట్టుకుని, ‘సడలింపు కోరేవాళ్లు కళ్లారా చూడండి’ అన్నారు. సభ రెండు సార్లూ చప్పట్లు కొట్టింది. తవిటినాయుడికి చెమటలు కారిపోతున్నాయి.

మైకు తన చేతిలోనే ఉంది కనక సన్యాసిరావు ఉండబట్టలేక అడిగేశాడు.

“బాబూ, ఇద్దరిలో ఎవరు నెగ్గితే ఈడికి పడకొస్తాదో అది కూడా సెప్పండి.”

సభ సర్దుకుంది. అధ్యక్ష స్థానంలో ఉన్న చంద్రమౌళీశ్వరరావు గారు కాగితం తిరగేసి చూసి, పడకల అంశం అజెండాలో లేదని, భోజన విరామమని ప్రకటించారు. పులిహోర బాగుంది. ప్రొఫెసరుగారూ లాయరుగారూ ఒకే బల్ల దగ్గర తిన్నారు.

భోజనాలయ్యాక సన్యాసిరావు మేనల్లుణ్ణి తువ్వాలు కుర్చీలో కూర్చోబెట్టి యాంప్లిఫయరు దగ్గరికి వెళ్లాడో లేదో, ఒక కానిస్టేబులు వచ్చి పాసు చూపించమన్నాడు. ఇది వీఐపీల ఆవరణ. సామాన్య ప్రజానీకం ఆరోగ్యం దృష్ట్యా వాళ్లని గాలికి అవతలి పక్క, సురక్షిత ప్రాంతంలో, తాడు కట్టి నిలబెట్టాలని ఆర్డరు. సన్యాసిరావు పరిగెత్తుకొచ్చి బతిమాలాడు.

“బాబ్బాబు, ఆడికి కొంచెం పొగ తగలనియ్యండి. మీ కాళ్లు పట్టుకుంటాను.”

“పాసున్నోళ్లకే పొగ,” అన్నాడు కానిస్టేబులు. అన్నాక తనేమన్నాడో ఆలోచించుకోలేదు. ఆలోచన కూడా వీఐపీల ఆవరణలోదే.

తవిటినాయుణ్ణి తాడు అవతలికి పంపించారు. అక్కడ గాలి అమృతంలా ఉంది. తల్లి వాణ్ణి పట్టుకుని కూలబడింది. సన్యాసిరావు తువ్వాలు భుజానేసుకుని, పొగకి దూరంగా తాడు పక్కనే ఉన్న యాంప్లిఫయరు ముందు కూర్చున్నాడు. ఇంక చెయ్యగలిగింది లేదు. మైకు ఆన్ చేశాడు.

చంద్రమౌళీశ్వరరావు గారు కర్పూరం వెలిగించి మూటల మీద వేసి, కెమెరాల వైపు తిరిగి నమస్కారం పెట్టి, వేదికెక్కి ప్రసంగం అందుకున్నారు. మూటలు అంటుకున్నాయి. పొగ కాసేపు నిటారుగా లేచి, నలువైపులా చూసి, వాస్తు ప్రకారం వేదిక మీదికి వచ్చింది.

“ఈ జిల్లా నుంచి మత్తును సమూలంగా...” అన్నారు స్పెషల్ ఆఫీసరుగారు. దగ్గారు. “సమూలంగా...” అన్నారు. ఆ మాట ఆయనకి నచ్చింది. నాలుగు రకాలుగా అన్నారు. సాగదీసి అన్నారు, ముద్దుగా అన్నారు. సమూలంగా అంటే మూలతో సహా అనీ, మూల అంటే ఆగ్నేయ మూల అనీ, తన చిన్నప్పుడు ఆ మూలలో ఒక మేక ఉండేదనీ చెప్పి కళ్లు తుడుచుకున్నారు. వీఐపీలందరూ మేక కోసం ఏడ్చారు. డాక్టర్ విశ్వంభరం గారు తన మెడలో దండలోంచి బంతిపువ్వులు ఒక్కొక్కటే తెంపి తింటూ, ఇంత రుచిగల పులిహోర తను ఎన్నడూ ఎరగనన్నారు. భీమశంకరం గారు మంటకి సెల్యూట్ కొట్టి అలాగే ఉండిపోయారు. గంజాయిని అనుమతించాలన్న ప్రొఫెసరుగారికి భయమేసి, వెంటనే దీన్ని నిషేధించండని లాయరుగారి కాళ్లు చుట్టేశారు. లాయరుగారు ఆయన్ని లేవదీసి, తప్పేముందన్నయ్యా, మొక్కే కదా అని ఓదార్చారు. చర్చకి అంత సత్ఫలితం ఏ సభలోనూ రాలేదు.

ఇదంతా ఊరంతటా వినపడుతోంది. తవిటినాయుడు ఒంట్లో బాగున్న రోజుల్లో కట్టిన హారన్లు కావడంతో మేక సంగతి రైల్వే గేటు దాకా స్పష్టంగా వెళ్లింది. సన్యాసిరావు మైకు ఆపలేదు. ప్రభుత్వ కార్యక్రమం నడుమ మైకు ఆపరాదని ఒప్పందం ఉంది. ఆయన రూలు ప్రకారం నడుచుకునే మనిషి.

మర్నాటి పేపర్లలో మేక పతాక శీర్షికకెక్కింది. వేదిక మీది వాళ్లందరికీ కిట్టు పెట్టి తీరాలని ఊరు కేంద్రం గేటు ముందు కూర్చుంది. సిమెంటు మనిషి చేతిలో కోడి తప్ప అందరూ నినాదాలిచ్చారు. పత్రికలవాళ్ల సమక్షంలో మేరీరత్నం వరసగా చుక్కలు వేసింది. స్పెషల్ ఆఫీసరుగారికి ఒకే గీత. ఇన్‌స్పెక్టరుగారికి ఒకే గీత. ప్రొఫెసరూ లాయరూ వాదం మానేసి ఒక్క గీత మీద నిలిచారు. సూపరింటెండెంటుగారు తన పలకని తిప్పి చూశారు, వెనకనుంచి చూశారు, ఎండకి పెట్టి చూశారు. గీత ఒక్కటే.

ఇప్పుడు రూలు ప్రకారం వ్యసనపరుడనగా కిట్టుచే ధ్రువీకరింపబడినవాడు. యాభై పడకలూ ఒక్కపూటలో నిండిపోయే సదవకాశం వచ్చింది. డాక్టరుగారు సంతోషించలేకపోయారు, ఎందుకంటే కిటికీ పక్క పడక ఆయనకే వస్తోంది.

తలుపులు వేసుకుని అత్యవసర సమావేశం పెట్టారు. కిట్టు తప్పందామా అంటే, లారీల కొద్దీ కిట్లు కొన్నది వాళ్లే. పొగ పీల్చామందామా అంటే, వేదిక అక్కడ వేయించింది వాస్తు. దారీ తెన్నూ తోచని ఆ సమయంలో డాక్టర్ విశ్వంభరం గారికి ఒక కుర్రాడు గుర్తొచ్చాడు. వణుకుతూ, ఎముకల గూడులా, కళ్లు తేలేస్తూ వచ్చిన కుర్రాడు. వాడికి రెండు గీతలు. ఇక్కడ నిక్షేపంలా ఉన్న పెద్దలకి ఒకటే గీత.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. భీమశంకరం గారు గేటు దగ్గర నిలబడి చదివి వినిపించారు:

“ఇటీవలి శాస్త్రీయ పరిశీలనల వెలుగులో తెలియజేయునది ఏమనగా, మారిన కాలమాన పరిస్థితుల్లో సాంప్రదాయిక మత్తు కిట్టుకు చిక్కును గాని, నూతన సింథటిక్ మత్తు కిట్టుకు చిక్కదు. కావున కిట్టులో ఏ మత్తూ కనబడకపోవుటయే నూతన మత్తుకు తిరుగులేని నిదర్శనము. ఇకపై ఒక గీత గలవారు విముక్తులుగాను, రెండు గీతలు గలవారు బాధితులుగాను పరిగణింపబడుదురు.”

అది చదివి ఆయన తన విముక్తిని ప్రకటించుకున్నారు.

అంబులెన్సు సైరన్ మోగించుకుంటూ పోలమ్మ గుమ్మంలోకి వచ్చింది. సర్క్యులర్‌కి ఆధారం తవిటినాయుడే కనక వాడికేమైనా అయితే అధికారులందరికీ మళ్లీ మత్తు వచ్చేస్తుంది. వాడికి కిటికీ పక్క పడక, తిరిగే ఫ్యాను, పెద్దాసుపత్రి నుంచి ప్రత్యేకంగా రప్పించిన డాక్టరు, గుండెకో మిషను, నిద్రకో సూది. పోలమ్మకి ఇదంతా ఏ దేవుడి దయో తెలీక అందరికీ మొక్కింది, కానిస్టేబులుతో సహా.

మిగిలిన పడకలు నింపడం ఏమంత కష్టం కాలేదు. ఊరంతా రెండు గీతలే కదా. ఎన్నడూ వక్కపలుకు కూడా ముట్టని లెక్కల మాస్టారిని బడి నుంచే తీసుకొచ్చారు. భజన మండలి మొత్తం తాళాలతో సహా వచ్చి చేరింది. గుళ్లో పూజారిగారు నిష్ఠాపరుడు కావడంవల్ల ఆయన గీతలు మరీ ముదురుగా పడ్డాయి, ముదిరిన కేసు అన్నారు. పరువుగల కుటుంబాలవాళ్లు చీకటి పడ్డాక ఇన్‌స్పెక్టరుగారి ఇంటికి దొడ్డిదారిన వెళ్లి, మైదానంలో బూడిదేమైనా మిగిలిందా, పిల్ల పెళ్లి కుదిరింది, ఒక్క దమ్ము ఇప్పించి పరువు నిలబెట్టండని వేడుకున్నారు. పక్క జిల్లాకి పోవలసిన కేంద్రానికి ఉత్తమ కేంద్రంగా షీల్డు వచ్చింది. అదనపు పడకలకి టెండరు పిలిచారు.

భీమశంకరం గారు వార్డులోకి వచ్చి మరో శుభవార్త కూడా చెప్పారు. ధూపం తమ్ముణ్ణి నిషేధిత జాబితాలో ఎక్కించేశారట. సెల్‌ఫోన్ల దుకాణంలో నెమలి పొట్లాలన్నీ దించేశారు. వాటి చోట ఇప్పుడు చిలక పొట్లాలు వేలాడుతున్నాయి. మూడోవాడన్నమాట. వాడి మీద ఇంకా ఏ ఫిర్యాదూ రాలేదు.

సన్యాసిరావు కాఫీ కూడా తాగనివాడు. ఆయనకి రెండు గీతలూ రైలు పట్టాల్లా పడ్డాయి. మేనల్లుడి పక్క పడకే ఇచ్చారు. బతుకులో మొదటిసారి ఊరికి ఏమీ అరిచి చెప్పకుండా దోమతెరలో పడుకున్నాడు. రాత్రీ పగలూ పక్క పడక మీద ఛాతీ లేవడం, దిగడం, అదే చూశాడు.

ఫిట్టు మళ్లీ రాలేదు. చేతుల వణుకు తగ్గుతూ వచ్చింది. ఒకనాటి ఉదయం మేరీరత్నం వేడి గంజి గిన్నెలో తెచ్చి, చెంచా కుర్రాడి చేతికే ఇచ్చి చూసింది. వాడు చెంచా నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. కళ్లల్లో పాత భయం.

కిటికీ బయట రోడ్డు మీదనుంచి ఒక గొంతు దగ్గరకొస్తోంది.

“మావయ్యా,” అన్నాడు మెల్లగా. “హారను మాట్లాడతంది.”

సన్యాసిరావు లేచి కూర్చున్నాడు.

“నీకు ఇనపడతందా?”

“ఇనపడతందిరా.”

“నిజంగా?”

“నా గొంతు నాకు తెలీదేటి.”

ఆటో కిటికీ కింద నుంచే వెళ్లింది. గంజి తాగితే గట్టెక్కుతావు అంటోంది. వాడు అది దూరమయ్యేదాకా చెవొగ్గి విన్నాడు. తరవాత చెంచా నోట్లో పెట్టుకుని మింగాడు. ఇంకో చెంచా తాగాడు. గిన్నె కాస్త పైకెత్తి మేరీరత్నం వైపు చూశాడు.

“అక్కా, ఉప్పు సాల్లేదు.”

పోలమ్మ ఉప్పు కోసం పరిగెత్తింది.